వెదురు దోమల గుర్తింపు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వెదురు ఆకుల అడుగున సుమారు నాలుగు మిల్లీమీటర్ల పసుపు పురుగులు దొరికాయి, వీపు మీద నల్ల చారలున్నాయి, వేలు దగ్గరికి తెస్తే టక్కున దూకుతున్నాయి. నెట్‌లో ఫొటోలతో పోల్చి చూస్తే బాంబూసిఫేగా అనే వెదురు దోమల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అనిపించింది. ఆ పేరు ఖాయం చేసుకోవచ్చా, అసలు వెదురు మీద బతికే ఈ దోమలను ఎలా వర్గీకరిస్తారు అని అడిగారు.

మీ అనుమానం నిజం కావచ్చు. అయినా మీరు పెట్టిన రెండు ఫొటోలను బట్టి నేను ఆ పేరును ఒప్పుకోలేను, కాదనీ అనలేను. రెండూ పైనుంచి తీసినవి. ఈ పురుగుల్లో పేరు పట్టించే భాగాలు కంటి కింద, వెనక కాలి మీద, మగ పురుగు పొట్ట చివర ఉంటాయి. పైనుంచి చూస్తే ఈ మూడూ కనిపించవు. చాలా ఏళ్లుగా నా పని ఈ పురుగులతోనే, కాబట్టి ఒక కొత్త నమూనా చేతికొస్తే నేను ఏ వరసలో చూస్తానో ఆ వరసలోనే చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగులో ఇక్కడే సగం గందరగోళం ఉంది. పత్తిలో పచ్చదోమ, మిరపలో తెల్లదోమ, వరిలో సుడిదోమ అంటాం. మూడూ దోమలే అయినా మూడూ వేర్వేరు గుంపులు. కుట్టే దోమతో వీటిలో దేనికీ చుట్టరికం లేదు; అది ఈగల వైపుది. ఈ మూడూ హెమిప్టెరా క్రమానికి చెందినవి, అంటే నల్లుల్లాగా సూది తొండంతో రసం పీల్చేవి. మీ వెదురు పురుగు సుడిదోమ వైపుది. ఆ వైపు గుంపును ప్లాంట్‌హాపర్లు అంటారు, శాస్త్రీయంగా ఫుల్గోరాయిడియా. అందులో ఇరవైకి పైగా కుటుంబాలు, 12,000కు పైగా జాతులు ఉన్నాయి. వెదురు మీద ఎక్కువగా తగిలేది అందులోని డెల్ఫాసిడే కుటుంబం. సుడిదోమ, తెల్లవీపు దోమ కూడా ఆ కుటుంబంలోవే. వరి పొలంలో దోమను చూసిన కళ్లకు వెదురు దోమ మరీ కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే.

ఇక లెన్సు పట్టుకోండి. పది రెట్లది మొదటి పనికి సరిపోతుంది. పురుగును పక్కకు తిప్పి తల చూడండి. స్పర్శశృంగం ఎక్కడి నుంచి మొలిచింది? పచ్చదోమ గుంపులో అది రెండు కళ్ల మధ్య నుంచి ముందుకు, సన్నని వెంట్రుకలా వస్తుంది. ప్లాంట్‌హాపర్లలో కంటికి కిందుగా, చెంప మీద మొలుస్తుంది. దాని రెండో ఖండం ఉబ్బి, పైన గరుకు బుడిపెలు పరుచుకుని ఉంటాయి. ఆ బుడిపెలు జ్ఞానాంగాలు. ఉబ్బిన ఖండం చివర నుంచి ఒక సన్నని వెంట్రుక లేస్తుంది. ఇంకా నమ్మకం కావాలంటే ముందు రెక్క మొదట్లో టెగ్యులా అనే చిన్న పొలుసు ఉందేమో చూడండి, పచ్చదోమల్లో అది ఉండదు. ముందు రెక్క లోపలి అంచు దగ్గర రెండు ఈనెలు కలిసి ఇంగ్లీషు వై అక్షరంలా ఏర్పడటం, నడిమి కాళ్ల మొదళ్లు పొడవుగా, ఒకదానికొకటి దూరంగా ఉండటం కూడా ప్లాంట్‌హాపర్ గుర్తులే. నేను మాత్రం తొంభై శాతం సార్లు కంటి కింద చూసి ముందుకు వెళ్లిపోతాను.

తర్వాత వెనక కాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఇక్కడ తొందరపడకండి. టిబియా, అంటే పిక్క భాగం, చివర, పాదం మొదలయ్యే కీలు దగ్గర, మామూలు ముళ్ల పక్కనే ఒక పెద్ద ముల్లు ఉంటుంది. దాని పేరు కాల్కర్. సన్నని సూది మొనతో మెల్లగా నెట్టి చూడండి: చుట్టూ ఉన్న ముళ్లు బిగుసుకుని ఉంటాయి, ఇదొక్కటి తలుపు రెక్కలా కదులుతుంది. అలా కదిలితే మీ పురుగు డెల్ఫాసిడే, ఇంకో మాట లేదు. 2,200కు పైగా జాతులున్న కుటుంబాన్ని ఇంత చిన్న భాగంతో పట్టేయగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. నమూనా ఎండిపోయి ఉంటే నెట్టకండి, విరుగుతుంది; తడి గుడ్డ వేసిన మూత డబ్బాలో ఒక రోజు ఉంచి మెత్తబడ్డాక చూడండి.

కదిలే ముల్లు లేకపోతే అది వేరే కుటుంబం. వెదురు మీద అలాంటివీ వాలతాయి. రెక్కలు పొడవుగా, ఒళ్లు సన్నగా ఉండి, తొండం చివరి ఖండం వెడల్పెంతో పొడవూ అంతే ఉంటే డెర్బిడే. ముందు రెక్కల కొసలు వెనకవైపు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే అకిలిడే. వీటిలో పిల్ల పురుగులు బూజు మీద, కుళ్లిన బెరడు కింద పెరుగుతాయి, కాబట్టి పెద్ద పురుగు వెదురు ఆకు మీద కనిపించినంత మాత్రాన వెదురు దోమ అనకూడదు. పెద్ద త్రిభుజం లాంటి రెక్కలు, వాటి ముందు అంచు వెంబడి అడ్డ ఈనెల వరుస ఉంటే ఫ్లాటిడే. రెక్కలు పొట్టివై చిన్న పెంకు పురుగులా కనిపిస్తే కాలిసెలిడే అనుకోండి. ఈ చివరి కుటుంబాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, నిజంగా వెదురు మీదే బతికేవి అందులోనూ ఉన్నాయి. చైనా వెదురు పొదల నుంచి 2011లో వర్ణించిన ఒక ప్రజాతికి బాంబూసికాలిసెలిస్ అనే పేరే పెట్టారు.

సరే, కాల్కర్ ఉంది, డెల్ఫాసిడే అని తేలింది. ఇప్పుడు అదే ముల్లును ఇంకోసారి చూడాలి, ఈసారి ఆకారం కోసం. దీనికి చేతి లెన్సు చాలదు, కనీసం నలభై రెట్ల సూక్ష్మదర్శిని కావాలి. సుడిదోమ కాల్కర్ పలచగా ఆకులా ఉంటుంది, లోపలివైపు దొప్పలా గుంటపడి ఉంటుంది, వెనక అంచున సన్నని నల్ల మొనల పళ్లు రంపంలా వరసగా ఉంటాయి. వెదురు దోమల్లో ఎక్కువ భాగానికి అలా ఉండదు. కాల్కర్ లావుగా, రెండు వైపులా ఉబ్బి, అంచున పళ్ల వరుస లేకుండా నున్నగా ఉంటుంది. మహా అయితే కొసన ఒక చిన్న పన్ను. ఇలా ఉన్నవాటి తెగ (కుటుంబానికీ ప్రజాతికీ మధ్య మెట్టు) పేరు ట్రోపిడోసెఫాలిని. సుడిదోమది డెల్ఫాసిని తెగ. వెదురు మీద పట్టిన పురుగుకు రంపం పళ్లు కనిపిస్తే, అది చాలాసార్లు పక్కనున్న గడ్డి నుంచి వచ్చి వాలినదే అయి ఉంటుంది. అలాంటప్పుడు పొద మొదట్లో ఉన్న గడ్డిని కూడా వలతో ఊడ్చి చూడండి, అసలు కాపురం అక్కడ కనిపిస్తుంది.

ఈ తెగ పేరు వెనక ఒక మనిషి శ్రమ ఉంది, దాన్ని చెప్పకుండా దాటిపోలేను. డెల్ఫాసిడే కుటుంబాన్ని లీచ్ 1815లోనే పేరు పెట్టి నిలిపాడు. కానీ లోపల సర్దడానికి కాల్కర్‌ను తాళంచెవిలా వాడి, 1915లో ట్రోపిడోసెఫాలిని లాంటి తెగలను ఏర్పరిచింది ఫ్రెడరిక్ ముయిర్. ఆయన ఉద్యోగం హవాయి చెరకు రైతుల సంఘంలో. అక్కడి చెరకును పెర్కిన్సియెల్లా సాకరిసిడా అనే దోమ పీల్చేస్తుంటే, దాని సహజ శత్రువుల కోసం దేశాలు తిరిగి, ఆ దోమ గుడ్లను పీల్చే టిట్థస్ ముండులస్ అనే చిన్న నల్లిని 1920లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కనిపెట్టి హవాయికి చేర్చాడు. ఆ తిరుగుళ్లలో చేతికందిన దోమలన్నిటినీ వర్ణించుకుంటూ పోయాడు. వెదురు దోమల ప్రజాతులు బెలోసెరా, ఆర్కోఫేసీస్ రెండింటికీ పేరు పెట్టింది ఆయనే, 1913లో ఒకటి, 1915లో ఇంకొకటి. చెరకును కాపాడటానికి బయలుదేరిన పని వెదురు దోమల వర్గీకరణకు పునాది అయింది. పంట సమస్యకూ వర్గీకరణకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు నేను ముయిర్ గురించే చెబుతుంటాను.

ముయిర్ వేసిన చట్రాన్ని 1985లో మాన్‌ఫ్రెడ్ ఆషె తిరగరాశాడు. ఇప్పుడు మనం వాడే ఉపకుటుంబాలు ఎక్కువగా ఆయన పని నుంచి వచ్చినవి. అసిరాసినే లాంటివి పాత కొమ్మలు, డెల్ఫాసినే అన్నిటికంటే పెద్ద కొమ్మ. ట్రోపిడోసెఫాలిని, డెల్ఫాసిని, సాకరోసిడ్నిని ఈ మూడు తెగలూ డెల్ఫాసినే లోపలివి. 2010లో అర్బన్, బార్ట్‌లెట్, క్రయన్ డీఎన్ఏనూ బాహ్య లక్షణాలనూ కలిపి చూసి, ఈ కుటుంబం ఇంతగా విస్తరించడంలో గడ్డిజాతి మొక్కల మీదికి మారడం ముఖ్యమని చూపించారు. వెదురు కూడా గడ్డి కుటుంబమే, పోయేసీ. అంటే మీ పొదలోని పురుగు, వరి పొలంలోని సుడిదోమ ఒకే పాత కథలో రెండు పాయలు.

ఇప్పుడు ప్రజాతులు. తెగ తేలాక నేను మళ్లీ తల దగ్గరికే వస్తాను, ఈసారి స్పర్శశృంగం మొదటి రెండు ఖండాల ఆకారం కోసం. వెదురు దోమల్లో అది ఎన్ని రూపాల్లో ఉంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. శృంగాలు పొడవుగా, ఆకుల్లా చదునుగా, తల కంటే పెద్దవిగా కనిపిస్తే అది పురోహిత. అవును, అదే ప్రజాతి పేరు. డిస్టంట్ 1906లో, బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథాల్లో దీన్ని వర్ణించాడు. ఈ గుంపులో మనకు నోరు తిరిగే పేరు బహుశా ఇదొక్కటే. మొదటి ఖండం బాణం మొనలా త్రికోణంగా వెడల్పై ఉంటే బెలోసెరా. గ్రీకులో ఆ మాటకు అర్థం బాణపు కొమ్ము. దానికి దగ్గరి చుట్టం నియోబెలోసెరా, 1986లో డింగ్, యాంగ్ ఏర్పరిచింది. ఈ రెండింటి మధ్య తొందరపడి తేల్చకండి. ఒళ్లు సన్నగా ఉండి శృంగాలు కడ్డీల్లా బాగా పొడవుంటే మలాక్సా వైపు ఆలోచించాలి.

శృంగాలు మామూలుగా, గుండ్రటి చిన్న కడ్డీల్లా ఉన్నాయనుకోండి. అప్పుడు ముఖం చూడాలి. పక్క నుంచి చూసినప్పుడు ముఖం విల్లులా వంగి ఉంటే ఆర్కోఫేసీస్; పేరులోనే ఆ వంపు ఉంది. బొద్దుగా, గోధుమ రంగులో, ముఖం వెడల్పుగా ఉంటే ఎప్యూరైసా. మత్సుమురా 1900లో జపాన్ నుంచి వర్ణించిన ఎప్యూరైసా నవాయీ ఈ ప్రజాతికి మూల జాతి, అంటే ప్రజాతి పేరుకు ఆధారమైన జాతి. పైకి చూస్తే ఎప్యూరైసా జాతులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మగ జననాంగాలు తీసి చూడకుండా వాటికి జాతి పేరు పెట్టే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. ఇక పసుపో, లేత తెలుపో, నారింజో అయి, ముందు రెక్కలు పారదర్శకంగా ఉండి, తల ఛాతీ మొదటి పలక కంటే సన్నగా ఉంటే అప్పుడు బాంబూసిఫేగా. వెదురును తినేది అని ఆ పేరుకు అర్థం. 1979లో హువాంగ్, డింగ్ దీన్ని ఏర్పరిచారు. అప్పటి నుంచి కొత్త జాతులు వచ్చి చేరుతూనే ఉన్నాయి, ముఖ్యంగా చైనా నైరుతి ప్రాంతం నుంచి. అక్కడ గుయిజౌ విశ్వవిద్యాలయంలో చెన్ షియాంగ్‌షెంగ్ బృందం వెదురు దోమల మీద చేసినంత పని ఇంకెక్కడా నేను చూడలేదు. తెగకు పేరిచ్చిన ట్రోపిడోసెఫాలా ప్రజాతి మాత్రం ఎక్కువగా ఇతర గడ్డి మీద బతుకుతుంది. తల ముందుకు మొనదేలి ఉంటుంది, వెదురు మీద దొరికితే ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

వెనక కాలి మీద ముళ్ల లెక్క కూడా రాసుకోండి. టిబియా చివర ఎన్ని, పాదం మొదటి ఖండం చివర ఎన్ని, రెండో ఖండం చివర ఎన్ని అని మూడు అంకెలుగా రాస్తారు, 5, 6, 4 లాగా. రెండు కాళ్లూ లెక్కపెట్టండి, ఒక్కోసారి ఒక కాలికి ఒక ముల్లు తక్కువ ఉంటుంది.

ఇక రంగు విషయం. మీరు బాంబూసిఫేగా అనుకోవడానికి అసలు కారణం పసుపు మీద నల్ల చార. నేనూ మొదట్లో అలాగే చేశాను, దాని ఫలితం చెబుతాను. ఒకసారి ఒకే పొదలో, ఒకే మధ్యాహ్నం పట్టిన పసుపు దోమలు ఇరవైకి పైగా ఉన్నాయి. చార ఒకేలా ఉంది, సైజు ఒకేలా ఉంది. అన్నిటికీ ఒకే పేరు రాసి లేబుళ్లు గుచ్చి పెట్టెలో పెట్టేశాను. రెండేళ్ల తర్వాత ఇంకేదో పోలిక కోసం అందులో నాలుగు మగ పురుగుల జననాంగాలు విప్పితే, మూడు ఒక రకం, నాలుగోది పూర్తిగా వేరు. ఈడియాగస్ అనే మగ అంగపు గొట్టం వంపే వేరు, దాని మీద ముళ్లే వేరు. ఆ రోజు రాత్రి పెట్టె మొత్తం బయటికి తీసి మగవాటినన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది. ఆడవాటి లేబుళ్ల మీద జాతి పేరు కొట్టేసి ప్రజాతి పేరు మాత్రం ఉంచాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అప్పటికే ఆ పేరుతో ఒకరికి సమాచారం ఇచ్చి ఉన్నాను. మర్నాడు ఫోన్ చేసి తప్పు చెప్పాను.

రంగు ఇంకో విధంగానూ మోసం చేస్తుంది. ఆల్కహాల్‌లో వేస్తే లేత ఆకుపచ్చ కొన్ని రోజులకు పసుపవుతుంది, నారింజ వెలిసిపోతుంది. అప్పుడే కుబుసం విడిచిన పురుగులో నల్ల చార ఇంకా పూర్తిగా తేలి ఉండదు. మగ, ఆడ మధ్య చార వెడల్పు తేడా ఉంటుంది. డెల్ఫాసిడేలో చాలా జాతుల్లో పొడుగు రెక్కలవీ పొట్టి రెక్కలవీ రెండూ పుడతాయి, కాబట్టి రెక్క పొడవు చూసి కూడా జాతి విడదీయకూడదు. బతికున్నప్పుడే ఒక మంచి ఫొటో తీసి పెట్టుకోండి, రంగుకు అదొక్కటే సాక్ష్యం.

జాతి పేరు తేల్చేది మగ జననాంగాలే. ఈ పని కష్టమని చాలామంది భయపడతారు, కానీ చేయి అలవాటైతే ఒక పురుగుకు అరగంట పడుతుంది. పొట్టను ఛాతీ దగ్గర సూది మొనతో మెల్లగా విడదీయండి. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి రాత్రంతా గది వేడిమిలోనే వదిలేయండి. తొందరుంటే కొద్ది నిమిషాలు వేడి చేయవచ్చు, కానీ కళ్లు అటు నుంచి తిప్పకండి. ఎక్కువసేపు వేడి చేస్తే పలచటి పొరలు పోయి భాగాలు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కుని ఉన్నాయో తెలియకుండా పోతుంది. ఇది తోలును కాల్చే క్షారం, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కండ కరిగి గోడలు తేలిగ్గా పారదర్శకమయ్యాక నీళ్లలో రెండుమూడు సార్లు కడిగి, గ్లిజరిన్ చుక్కలోకి మార్చండి.

ఇప్పుడు చూడండి. వెనక నుంచి చూస్తే ఒక గుండ్రటి డబ్బా నోరులా కనిపించేది పైగోఫర్, పొట్ట తొమ్మిదో ఖండం. దాని పైన మూతలా ఆసన ఖండం, దానికి కిందికి వేలాడే ముళ్లు ఉన్నాయో లేవో, ఉంటే ఒకటా రెండా రాసుకోండి. డబ్బా లోపల నుంచి పైకి లేచిన రెండు చేతులు పారామియర్లు; కొసలు ఒకదానివైపు ఒకటి వంగాయా, బయటికి తిరిగాయా చూడండి. నడుమ గొట్టంలా ఉండేది ఈడియాగస్. బాంబూసిఫేగాలో జాతికీ జాతికీ తేడా ఎక్కువగా దీని వంపులో, దీని మీది ముళ్ల సంఖ్యలో, అవి మొలిచిన చోటులో ఉంటుంది. వెనక నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, మూడు బొమ్మలు గీయండి. ఫొటో ఉంది కదా అని గీయడం మానకండి. గీస్తున్నప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. ఫొటోలో నేను గమనించని చిన్న ముల్లు పెన్సిల్ పట్టుకున్నప్పుడు దొరికిన సందర్భాలు ఒకటి రెండు కావు. పని అయ్యాక పొట్టను గ్లిజరిన్ ఉన్న చిన్న గాజు గొట్టంలో వేసి, ఆ గొట్టాన్ని అదే పురుగు పిన్నుకు గుచ్చండి. విడిగా పెడితే ఏ పొట్ట ఏ పురుగుదో రెండు నెలల్లోనే కలిసిపోతుంది.

ఆడ పురుగులకూ పిల్లలకూ ఇంత సూటి దారి లేదు. ఆడవాటిని అదే కొమ్మ మీద అదే రోజు పట్టిన మగవాటితో జతచేస్తారు, కానీ నా పెట్టె కథ చదివారు కదా, ఆ జతచేయడం ఎంత బలహీనమో. జతకట్టి ఉన్నప్పుడు పట్టిన జంట దొరికితే అది బంగారం. రెండింటినీ ఒకే గొట్టంలో వేసి లేబుల్ మీద ఆ సంగతి రాయండి. పిల్ల పురుగులు అయిదు దశలు దాటి పెద్దవవుతాయి. తల మీద, ఛాతీ మీద సన్నని గుంటల వరుసలు ఉంటాయి. కాల్కర్ చిన్నప్పుడు బాగా చిన్నది, దాని ఆకారాన్ని నమ్మలేం. కుండీలో వెదురు పెంచి, కొమ్మకు సన్నని గుడ్డ సంచి కట్టి పిల్లలను అందులో పెద్దవి చేయడమే మంచి పద్ధతి. డీఎన్ఏ సౌకర్యం ఉంటే జాతులను పోల్చడానికి వాడే సీఓఐ జన్యువులో 658 బేసుల (డీఎన్ఏ అక్షరాల) ముక్కను చదివించి ఆడ, మగ, పిల్లలను ఒకదానితో ఒకటి కలపవచ్చు. కానీ పోల్చుకోవడానికి ఉన్న వరుస సరిగ్గా గుర్తించిన మగ పురుగుది అయితేనే ఆ ఫలితానికి విలువ. తప్పు పేరుతో దాచిన వరుస ఆ తప్పును ఎంతమందికైనా అంటిస్తుంది. అందుకే కాలులో నుంచి ఒక ముక్క తీసుకుని, మిగతా పురుగును జాగ్రత్తగా ఉంచమని అడుగుతాను.

మొక్క గురించి ఒక మాట. లేబుల్ మీద "వెదురు" అని మాత్రం రాసి ఆపేయకండి. వెదుర్లు ప్రపంచంలో 1,400కు పైగా జాతులు, వాటిలో చాలా వరకు ఏళ్ల తరబడి పూయవు, కాబట్టి పూలతో గుర్తుపట్టే అవకాశం మీకు రాదు. గడ మీద కణుపు తొడుగు ఒకటి రాలకముందు తీసి ఎండబెట్టండి, దాని ఆకారం, రోమాలు, చెవి లాంటి అంచులు వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకు చాలా చెబుతాయి. ఒక చిన్న ఆకు కొమ్మ కూడా పెట్టండి. పురుగు నిజంగా ఆ వెదురు మీదే బతుకుతోందనడానికి సాక్ష్యం పెద్ద పురుగు కాదు, పిల్లలు. ఎగిరేది ఎక్కడైనా వాలుతుంది. రెక్కలు రాని పిల్ల అక్కడే పుట్టి ఉంటుంది. విచ్చుకోని లేత ఆకు చుట్టలోను, ఆకు తొడుగు సందుల్లోను వెతకండి. డెల్ఫాసిడే ఆడవి గుడ్లను కణజాలం లోపల గుచ్చుతాయి, కాబట్టి ఆకు నడి ఈనె మీద, తొడుగు మీద సన్నని గోధుమ గాట్లు కనిపిస్తే అవి కూడా ఫొటో తీయండి. ఆకుల మీద జిగటగా తేనె లాంటి పదార్థం, దాని మీద నల్లని మసి ఉంటే పురుగులు అక్కడ కొంతకాలంగా పీలుస్తున్నాయనుకోవచ్చు, కానీ పేనుబంక, పొలుసు పురుగులు కూడా అదే పని చేస్తాయి.

కొత్త జాతి అయి ఉంటుందా అని కింద వ్యాఖ్యలో అడిగారు. ఉండవచ్చు, ఈ గుంపులో అది అరుదైన సంగతేమీ కాదు. కానీ ఆ మాట అనడానికి ముందు ఆ ప్రజాతిలో పేరున్న ప్రతి జాతి మగ జననాంగాల బొమ్మతోనూ మీ బొమ్మను పోల్చాలి. జాబితా కోసం పారిస్ జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చెందిన థియరీ బూర్గ్వాన్ నడిపే ఫ్లో అనే డేటాబేస్ చూడండి, ప్లాంట్‌హాపర్ పేర్లన్నీ, అవి ఎప్పుడు ఎవరు పెట్టారో అందులో ఉంటాయి. ఒకే మగ పురుగు మీద కొత్త పేరు పెట్టకండి, కనీసం అయిదారు దొరికేదాకా ఆగండి. జంతు నామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాత కొత్త జాతికి హోలోటైప్‌నో (పేరుకు ఆధారమైన ఒకే నమూనా), సిన్‌టైప్‌లనో (అలాంటి నమూనాల గుంపు) స్పష్టంగా ప్రకటించి తీరాలి. అవి మీ ఇంటి అలమరాలో కాకుండా, ఎవరైనా వెళ్లి చూడగల సంగ్రహాలయంలో ఉండేలా చూడండి.

మీ పురుగు విషయానికొస్తే, ఈ వారం మళ్లీ ఆ పొద దగ్గరికి వెళ్లండి. తెల్ల గుడ్డ పరిచి కొమ్మను కర్రతో కొట్టి, రాలినవాటిని పీల్చే గొట్టంతో పట్టండి. పది పన్నెండు చాలు. సగం ఆల్కహాల్‌లో, సగం పొడిగా. పొట్ట చివర కింది నుంచి చూస్తే కత్తి ఒరలాంటి పొడవాటి గుడ్లు పెట్టే అంగం ఉన్నవి ఆడవి, గుండ్రటి డబ్బా నోరు ఉన్నవి మగవి. ఒక మగదాని ముఖం ఎదురుగా, తల పక్క నుంచి, వెనక కాలి కాల్కర్, పొట్ట చివర వెనక నుంచి, ఈ నాలుగు ఫొటోలు ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా మీ లేబుల్ మీద "డెల్ఫాసిడే కావచ్చు, బాంబూసిఫేగా కావచ్చు, కాల్కర్ చూడలేదు" అని రాసి తేదీ వేయండి. ఫొటోలు పెట్టిన రోజే చూసి జవాబిస్తాను.